అంచు మీద పేరు లేనంత మాత్రాన నకిలీ పతకమేనా?

పాత యుద్ధ పతకాల గురించి ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: "అంచు మీద పేరుంటే అసలుది, లేకపోతే నకిలీ. యుద్ధంలో సాహసం చూపినవాళ్లకే వీటిని ఇచ్చారు. అసలైనవన్నీ వెండివే. బాగా తోమి మెరిపిస్తే విలువ పెరుగుతుంది." చదవడానికి బాగానే ఉంది, నమ్మితే మాత్రం మంచి పతకాలు చెత్తలోకి పోతాయి.

ముందు పేరు సంగతి చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అంచుల మీద సైనికుడి నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ గుద్ది ఉంటాయి. ఆ మెసేజ్ రాసినవాళ్లు చూసింది బహుశా వీటినే. రెండో యుద్ధానికి పద్ధతి మారిపోయింది. 1939-45 స్టార్, బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్ లాంటి నక్షత్రం ఆకారపు పతకాలను బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండానే ఇచ్చారు. భారత్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా సైనికుల స్టార్ల వెనక మాత్రం పేరు వేశారు. కాబట్టి పేరు లేని బర్మా స్టార్ నిక్షేపంలాంటి అసలు పతకమే కావచ్చు.

పేరుందని సంబరపడిపోవడానికీ లేదు. అంచును ఆకురాయితో అరగదీసి, గిరాకీ ఉన్న రెజిమెంట్ పేరుతో మళ్లీ గుద్దడం పాత మోసమే. వార్ మెడల్ అడ్డుకొలత 36 మిల్లీమీటర్లు. అరగదీస్తే అది తగ్గుతుంది, కాలిపర్‌తో నాలుగు వైపులా కొలిస్తే దొరికిపోతుంది. ఆ తర్వాత మెడల్ రోల్‌లో, అంటే ఏ పతకం ఎవరికిచ్చారో రాసిన అధికారిక జాబితాలో, చూసుకోవాలి. అక్కడ పేరు ఒక్కటే చూస్తే చాలదు, ఒకే పేరుతో చాలామంది ఉంటారు. నంబరూ యూనిట్టూ కలిస్తేనే మనిషి దొరికినట్టు.

సాహసం మాటకొస్తే, ఇవి సర్వీసు పతకాలు. ఫలానా తేదీల్లో ఫలానా చోట పనిచేశాడు అన్నదానికే ఇచ్చారు. విక్టరీ మెడల్ ఒక్కటే దాదాపు 57 లక్షలమందికి ఇచ్చారు, అందరూ వీరోచితంగా పోరాడారనా? శౌర్యానికి వేరే పతకాలున్నాయి. భారతీయ సైనికులకు 1837 నుంచి ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్, 1907 నుంచి ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్, 1911 నుంచి విక్టోరియా క్రాస్‌కు అర్హత. అలాగని సర్వీసు పతకాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు. 1914 స్టార్ ఉందంటే ఆ మనిషి 1914 ఆగస్టు 5, నవంబర్ 22 మధ్య ఫ్రాన్స్ లేదా బెల్జియం గడ్డ మీద ఉన్నట్టు. లాహోర్, మీరట్ డివిజన్లతో వెళ్లిన సిపాయిలకు అది దక్కింది. అదే నవంబర్‌లో ఇప్పటి ఇరాక్‌లోని బస్రా వైపు దిగినవాళ్లకు దక్కింది 1914-15 స్టార్. పైకి ఆ రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, వాటి వెనకున్న యుద్ధాలు మాత్రం వేరు. చరిత్ర కోసం సేకరించేవాళ్లకు ఈ తేడాలోనే అసలు మజా ఉంది.

"అన్నీ వెండివే" అన్నది ఒక్క చూపులో తేలిపోతుంది. 1914 స్టార్, విక్టరీ మెడల్ రెండూ కంచువే. రెండో యుద్ధపు వార్ మెడల్ రాగి, నికెల్ కలిపిన లోహం, కెనడావాళ్లది మాత్రం వెండి. మొదటి యుద్ధపు వార్ మెడల్ వెండిదే, సుమారు 65 లక్షలు ఇచ్చారు. కానీ భారత, చైనా, మాల్టా లేబర్ కోర్‌ల కూలీలకు ఎక్కువగా అదే మెడల్‌ను కంచుతో ఇచ్చారు, అవి లక్షా పదివేల దాకా ఉంటాయి. వెండి కాదని ఎవరైనా పారేస్తే, పోయేది అరుదైన రకమే. నిజానికి వెండి అన్న పేరే దీని కొంప ముంచింది. 1980 ప్రాంతంలో వెండి ధర ఆకాశానికంటినప్పుడు వేలకొద్దీ వార్ మెడల్స్ మూసలో పడి కరిగిపోయాయి. అందుకే ఈరోజు వార్ మెడల్ జోడు లేని విక్టరీ మెడల్స్ అన్ని కనిపిస్తాయి.

ఇక తోమడం. దయచేసి వద్దు. పాలిష్ పెట్టిన ప్రతిసారీ రాజు ముఖమూ అంచు మీద అక్షరాలూ కొంచెం కొంచెం అరిగిపోతాయి. సైనికులే పరేడ్‌ల కోసం తోమి అరగదీసినవి ఉన్నాయి, ఆ అరుగుదల వేరు, అది చరిత్రలో భాగం. దెబ్బల గుర్తులు కూడా అంతే. 1882 ఈజిప్టు యుద్ధంలో పాల్గొన్నవాళ్లకు ఈజిప్ట్ మెడల్‌తోపాటు ఖెదీవ్ (ఈజిప్టు పాలకుడు) ఇచ్చిన కంచు స్టార్ కూడా ఉండేది. రెండూ పక్కపక్కనే వేలాడి, స్టార్ మొనలు వెండి మెడల్‌కు తగిలి చిన్న చిన్న గుంటలు పడేవి. అనుభవమున్న సేకర్తలు ఆ గుంటల కోసమే వెతుకుతారు, ఆ జంట ఒకే ఛాతీ మీద కలిసి ఉండేదని అవే చెబుతాయి. అన్నట్టు, ఆ ఖెదీవ్ స్టార్ల మీద కూడా సాధారణంగా పేరుండదు.