విలన్ నవ్వులపాలైతే తప్పు బొమ్మది కాదు

ముఖం పుర్రె. నెత్తిన రెండు కొమ్ములు. కుళ్లి పచ్చబడిన చర్మం, గుంటల్లో ఎర్రగా మెరిసే కళ్లు. గొంతు జాన్ హర్ట్ అంతటి నటుడిది. ఇంత సరంజామాతో సింహాసనం ఎక్కిన రాజు సగం సినిమా దాకా చేసే పనల్లా ఒక పందిని పట్టుకురమ్మని మనుషుల్ని పంపడం. ఆ పందికి భవిష్యత్తు కనిపిస్తుందిలెండి. అయినా పంది పందే. తీరా దొరికాక, పందుల్ని కాచే కుర్రాడు దాన్ని కోట గోడ మీంచి కందకంలోకి తోసేస్తాడు. అది హాయిగా ఈదుకుంటూ పోతుంది. ప్రపంచాన్ని ఏలాలనుకున్న పెద్దమనిషి గుడ్లప్పగించి చూస్తాడు.

1985లో డిస్నీ తీసిన 'ది బ్లాక్ కాల్డ్రన్'లో హార్న్‌డ్ కింగ్ కథ ఇది. పాత ఫాంటసీ కార్టూన్లలో కావాలని కాకుండా కామెడీ అయిపోయిన విలన్ల మాట వస్తే ఈయన పేరు రాకుండా ఉండదు. దానికి అందరూ చెప్పే కారణం కూడా ఒకటే: అప్పట్లో డబ్బుల్లేవు, కంప్యూటర్లు లేవు, బొమ్మలు అలాగే వచ్చేవి అని. ఈ మాట నేను ఒప్పుకోను. ఈ సినిమాకు 4 కోట్ల 40 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. అప్పటికి యానిమేషన్ మీద అంత డబ్బు పోసినవాళ్లు లేరు. 70 ఎంఎంలో తీశారు, కొన్నిచోట్ల కంప్యూటర్ బొమ్మలూ వాడారు. రాజు బొమ్మ గీసినవాళ్లు చక్కగా, ఒళ్లు జలదరించేలా గీశారు. లోపం బొమ్మలో లేదు. పిల్లలు జడుసుకుంటారని పెద్దవాళ్లు జడుసుకోవడంలో ఉంది.

జరిగింది చూడండి. 1984లో స్టూడియో యాజమాన్యం మారింది. స్టూడియో పెద్దగా కొత్తగా వచ్చిన జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ సినిమా వేయించుకుని చూశారు. ప్రివ్యూలో పిల్లలు బెదిరిపోయారు. సినిమా పేరులోని ఆ నల్ల మాయ కొప్పెరలోంచి, రాజు కోసం శవాల సైన్యం లేచే ఘట్టం దగ్గర గొడవంతా. కత్తిరించమన్నారు. యానిమేషన్‌లో అలా కత్తిరించడం కుదరదని అంటే, తనే ఎడిటింగ్ రూంలో కూర్చున్నారు. చివరికి దాదాపు 12 నిమిషాలు పోయాయి, విడుదల 1985 జూలైకి జరిగింది. ఎల్మర్ బెర్న్‌స్టీన్ సంగీతం కూడా ఆ కోతల దగ్గర ఎగిరి దూకినట్టు వినిపిస్తుంది.

ఇక మిగిలిందేమిటి? శవాలు లేచాయి, నడిచాయి, పడిపోయాయి. అంతే. సినిమా మొదటి నుంచీ ఊరిస్తూ వచ్చిన సైన్యం పట్టుమని పది అడుగులు వేసి కుప్పకూలితే, దాన్ని లేపిన రాజు పరిస్థితి ఏంటి? పెళ్లికి బ్యాండ్ మేళం మాట్లాడి, ఒక్క పాటకే కరెంటు పోయిన పెళ్లిపెద్దలా నిలబడ్డాడు. విలన్‌కి భయంకరమైన ముఖం ఉంటే చాలదు, భయంకరమైన పని ఉండాలి. పని కోసేసి ముఖం ఉంచితే మిగిలేది వేషమే. ఇంతా చేసి అమెరికాలో ఆ సినిమాకు వచ్చింది 2 కోట్ల 10 లక్షల పైచిలుకు. అదే ఏడాది రంగురంగుల బొచ్చు ఎలుగుబంట్ల 'కేర్ బేర్స్' సినిమా అంతకన్నా ఎక్కువే తెచ్చుకుంది. ఎలుగుబంట్లకు పోటీగా పుర్రెను దింపి, దానికీ పౌడర్ రాస్తే ఇలాగే ఉంటుంది.

ఈ జబ్బుకు ఇంకో రూపం 1978లో రాల్ఫ్ బాక్షీ తీసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. అందులో సౌరాన్, సారుమాన్ అని ఇద్దరు దుర్మార్గులు. పేర్లు దగ్గరగా ఉన్నాయి, జనం తికమక పడతారని ఎవరికో టెన్షన్ పట్టుకుంది. సారుమాన్‌ని 'ఆరుమాన్' చేశారు. సరే, పూర్తిగా అన్నా చేశారా అంటే అదీ లేదు. ఒక సీన్లో ఆరుమాన్, ఇంకో సీన్లో సారుమాన్. తికమక ఎక్కడిదంటే, లేని తికమకను తప్పించబోయి కొని తెచ్చుకున్నది. పాతాళంలోంచి లేచే బాల్రాగ్ అనే రాక్షసుడి సంగతి సరేసరి. సింహం ముఖం, గబ్బిలం రెక్కలు, కాళ్లకు ఊలు చెప్పులు తొడుక్కున్నట్టు ఒక నడక. నటుల్ని కెమెరాతో తీసి దానిమీద బొమ్మ గీసే రోటోస్కోపింగ్ పద్ధతి వల్ల మనిషి ఒంటి బరువు, తడబాటు అన్నీ బొమ్మలోకి వచ్చేస్తాయి. ఇక్కడ మాత్రం టెక్నిక్‌దే తప్పని ఒప్పుకుంటాను. 1980లో టీవీ కోసం తీసిన 'రిటర్న్ ఆఫ్ ది కింగ్'లో ఓర్క్‌లనే రాక్షస సైనికులు కొరడా మీద పాట కట్టి, యుద్ధానికి వెళ్లడం మాకిష్టం లేదంటూ కవాతు చేస్తారు. విమర్శించాలనే కూర్చున్నాను గానీ ఆ పాట రెండు రోజులు నోట్లోనే ఉంది.

పసిపిల్లల్ని భయపెట్టి ఏం సాధిస్తారు, రాత్రి పక్క తడిపితే మీరొచ్చి దుప్పటి ఉతుకుతారా అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే అదే డిస్నీ 1940లో 'పినోకియో' తీసింది. అల్లరి పిల్లలు గాడిదలుగా మారిపోతారు. ఒకడు అమ్మా అని అరుస్తుండగానే గొంతు ఓండ్రగా మారుతుంది. వాళ్లను బండెక్కించుకు వచ్చినవాడికి చివరిదాకా శిక్షే పడదు. 85 ఏళ్లు దాటాయి, ఆ బండివాణ్ణి చూసి నవ్వినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. దాన్ని చూసిన పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యారు, వాళ్ల పిల్లలకూ చూపించారు.

అసలు ఈ తెలివి మనకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. 1947లో 'చందమామ' పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిలే 1951లో 'పాతాళ భైరవి' తీశారు. పత్రికలో చూస్తే విక్రమార్కుడు నెలనెలా శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం కేసి నడిచేవాడు. సినిమాలో చూస్తే నరబలి. అప్పటికి ఎస్వీ రంగారావుకు 33 ఏళ్లు నిండలేదు. ఆ నేపాళ మాంత్రికుడు 'డింభకా' అనగానే నవ్వొస్తుంది, ఆ నవ్వు ఆగకముందే గుండె గుభేలుమంటుంది. రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి. హార్న్‌డ్ కింగ్‌ని చూసి నవ్వేటప్పుడు ఆ నవ్వు ఎవరి చేతిలోనూ లేదు. ఇప్పుడు ఫోన్లో పిల్లలకు పెట్టే పాటల్లో రాక్షసుడు వస్తాడు, డ్యాన్స్ చేస్తాడు, పళ్లు తోముకోమని చెప్పి పోతాడు. ఇక వాడు రాక్షసుడు ఎందుకయ్యాడో ఆ గీసినవాళ్లే చెప్పాలి.

మొన్న సంక్రాంతికి మా అక్క మనవడు, ఆరేళ్లవాడు, నా పక్కన కూర్చుని 'పాతాళ భైరవి' చూశాడు. బలి ఘట్టం రాగానే అక్క రిమోట్ అందుకుంది. వాడు ఆమె చెయ్యి పట్టుకుని, తెర మీంచి చూపు తిప్పకుండా అడిగాడు: "అమ్మమ్మా, చచ్చిపోయాడా? మళ్లీ లేస్తాడా?"

చెప్పకు అన్నట్టు అక్కకు సైగ చేశాను.