పాత మస్టాంగ్‌కి ర్యాక్ కిట్ కొనే ముందు ఒకసారి కారు కింద దూరి చూడండి

ఇక్కడ టెక్సస్‌లో మన తెలుగువాళ్లకి పాత అమెరికన్ కార్ల పిచ్చి బాగానే పట్టింది. సంతోషం. నాకూ ఉంది ఆ పిచ్చి. కానీ కారు కొన్న నెల తిరక్కుండానే అందరి దగ్గరా ఒకటే పాట: "స్టీరింగ్ మరీ లూజుగా ఉంది అన్నా, షాపువాడు మొత్తం పీకేసి ర్యాక్ అండ్ పినియన్ వేయించుకోమంటున్నాడు." ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. ర్యాక్ అండ్ పినియన్ అంటే చిన్న పళ్ల చక్రం ఒక పళ్ల కడ్డీని అటూ ఇటూ జరిపి చక్రాలని తిప్పే స్టీరింగ్; దాన్ని పాత కార్లకి తగిలించే సామానే ర్యాక్ కిట్.

మొన్న మా బావ 1966 మస్టాంగ్‌తో అదే జరిగింది. 289 వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), పవర్ సాయం లేని మాన్యువల్ స్టీరింగ్. హైవే మీద అరవై మైళ్లు దాటితే చాలు, స్టీరింగ్‌ని అటూ ఇటూ దిద్దుకుంటూనే ఉండాలి. అక్క ఒకసారి ఎక్కి, మళ్లీ ఎక్కనని తెగేసి చెప్పింది. ఒక షాపుకి తీసుకెళ్తే, కారు లిఫ్ట్ మీదకి కూడా ఎక్కించకుండా మూడు వేల డాలర్ల పైచిలుకు కొటేషన్ చేతిలో పెట్టారు. "పాత కార్లన్నీ ఇంతే సార్" అన్నారట. నాకు ఒళ్లు మండేది ఆ ఒక్క మాటకే. 1966లో ఈ కారు షోరూమ్ నుంచి ఇలా ఊగుతూ బయటికి రాలేదు. ఫోర్డ్ వీటిని లక్షల్లో అమ్మింది. కొన్నవాళ్లందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆఫీసులకి వెళ్లలేదు కదా.

లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి పైసా ఖర్చు లేదు. చక్రాలు నేల మీదే ఉండాలి, జాక్ ఎత్తకూడదు. బావని లోపల కూర్చోబెట్టి స్టీరింగ్ కొంచెం కొంచెం అటూ ఇటూ కదపమన్నాను. నేను టార్చ్ పట్టుకుని కింద దూరాను. స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ షాఫ్ట్ కింది కొసన ఉండే గేర్ల పెట్టె) నుంచి దిగే పిట్‌మన్ ఆర్మ్ అనే చేయి వెంటనే కదులుతోంది. అంటే బాక్స్‌లో పెద్ద అరుగుదల లేదు. దాన్నుంచి అవతలి వైపుకి వెళ్లే సెంటర్ లింక్ అనే కడ్డీ మాత్రం పక్కకి కదలాల్సింది పోయి ముందు పైకి లేస్తోంది. కారణం అవతలి కొసని మోసే ఐడ్లర్ ఆర్మ్. దాని రబ్బరు బుష్ పిండిపిండి అయిపోయింది. కుడివైపు లోపలి టై రాడ్ ఎండ్ (సెంటర్ లింక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ కొసన ఉండే కీలు) రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజంతా ఎప్పుడో కారిపోయి, వేలితో పట్టుకుంటే టకటకమంటోంది. అర అంగుళం ఇక్కడ, పావు అంగుళం అక్కడ. అన్నీ కలిసి పైన స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి మూడు వేళ్ల మందం ఆట, అంటే చక్రాలు తిరక్కుండానే స్టీరింగ్ కదిలే ఖాళీ.

ఐడ్లర్ ఆర్మ్, నాలుగు టై రాడ్ ఎండ్లు, వాటిని కలిపే స్లీవులు, అన్నీ కలిపి షాపు చెప్పిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఆరు సిలిండర్ల కారువి, వి8వి ఒకటి కావు. మాన్యువల్‌కీ పవర్‌కీ కూడా తేడాలున్నాయి. ఇంకోటి, రబ్బరు బుష్ ఉన్న ఐడ్లర్ ఆర్మ్ బిగించేటప్పుడు చక్రాలు తిన్నగా ఉండాలి. తిరిగి ఉన్నప్పుడు నట్లు బిగిస్తే రబ్బరు మెలిపడి, కారు జీవితాంతం ఒక పక్కకే లాగుతుంది. ఆ లాగుడికి మళ్లీ స్టీరింగ్ బాక్స్‌నే తిడతారు.

బాక్స్ అంటే గుర్తొచ్చింది. దాని మీద లాక్‌నట్టుతో ఒక స్క్రూ కనిపిస్తుంది. లూజు అనగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని దాన్ని బిగించేసేవాళ్లకి ఓ దండం. ముందు వార్మ్ షాఫ్ట్ (బాక్స్ లోపల స్టీరింగ్‌తో పాటు తిరిగే మర గేరు) బేరింగుల బిగింపు సరిచేయాలి, ఆ తర్వాతే ఈ స్క్రూ. అదీ లింకేజీ (బాక్స్ నుంచి చక్రాల దాకా ఉన్న కడ్డీలు) విప్పి, బాక్స్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు. ఆట పోవాలని గుడ్డిగా బిగిస్తే స్టీరింగ్ మధ్యలో పట్టేస్తుంది, మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రాదు, లోపలి పళ్లు అరిగిపోతాయి.

ఇక అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం. అసలు దొంగ ఇక్కడున్నాడు. 1966 నాటి ఫ్యాక్టరీ నంబర్లు అప్పటి బయాస్ ప్లై టైర్లకి రాసినవి. క్యాస్టర్, అంటే పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం, దాదాపు సున్నా. ఇప్పుడు అందరూ వేసేది రేడియల్స్. కంప్యూటర్‌లో పాత నంబర్లే ఉంటాయి, స్క్రీన్ మీద అన్నీ పచ్చగా కనిపిస్తాయి, కుర్రాడు బిల్లు చేతిలో పెట్టి పంపించేస్తాడు. కారు మాత్రం రోడ్డు మీద దిక్కులు చూస్తూనే ఉంటుంది. రెండు మూడు డిగ్రీల పాజిటివ్ క్యాస్టర్ (పైభాగం వెనక్కి వాలేది) కావాలని అడిగి పెట్టించుకోండి. ఈ మోడల్‌లో అది చక్రాన్ని పట్టి ఉంచే పై కంట్రోల్ ఆర్మ్ దగ్గర షిమ్‌లు (పలచటి రేకులు) పెట్టి చేసే పని. కాస్త ఓపిక కావాలి, అందుకే చాలామంది చేయరు. పార్కింగ్‌లో స్టీరింగ్ ఇంకొంచెం బరువెక్కుతుంది, నిజమే. హైవే మీద మాత్రం కారు గీత గీసినట్టు పోతుంది.

పవర్ స్టీరింగ్ ఉన్నవాళ్ల గోల వేరే. ఆనాటి మస్టాంగ్‌లో పవర్ అంతా బాక్స్ లోపల కాదు, బయట లింకేజీకి తగిలించిన కంట్రోల్ వాల్వ్‌లో, ఆయిల్ ఒత్తిడితో తోసే ర్యామ్‌లో ఉంటుంది. ఎక్కడ చూసినా గొట్టాలు, ఎక్కడ ముట్టుకున్నా ఆయిల్. ముందు చక్రాలు పైకెత్తి ఇంజిన్ స్టార్ట్ చేయగానే స్టీరింగ్ దానంతట అదే ఒక పక్కకి తిరుగుతుంటే, వాల్వ్ మధ్యలో లేదన్నమాట. దానికో సర్దుబాటు నట్టు ఉంది. ఏళ్ల తరబడి కారుతున్న ఈ సిస్టమ్‌తో విసిగిపోయి, పవర్ లోపలే ఉండే బోర్గ్‌సన్ లాంటి బాక్స్ వేసుకుంటే నేనేం అనను. అది న్యాయమైన అప్‌గ్రేడే.

ర్యాక్ వద్దని కూడా ఒట్టేమీ పెట్టుకోలేదు. కానీ ఈ కారుని ర్యాక్ కోసం గీయలేదు. ర్యాక్ చివర్లలోని కీళ్లు, కింది కంట్రోల్ ఆర్మ్ కదిలే దారీ కుదరకపోతే గుంత తగిలినప్పుడల్లా చక్రం తనంతట తాను తిరుగుతుంది. బంప్ స్టీర్ అంటారు దీన్ని. చాలా కిట్లలో చక్రం తిరిగే కోణం తగ్గి, యూటర్న్‌కి రెండుసార్లు రివర్స్ చేయాల్సి వస్తుంది. ఇవి బ్రోషర్లలో ఉండవు.

1965లో షెల్బీ వాళ్లు మస్టాంగ్‌నే మార్చి జీటీ350 అనే రేసు తరహా కారు తయారు చేసినప్పుడు ర్యాక్ జోలికే పోలేదు. ఫోర్డ్ బాక్స్ అలాగే ఉంచి, పిట్‌మన్, ఐడ్లర్ ఆర్మ్‌లు పొడవైనవి వేశారు, పై కంట్రోల్ ఆర్మ్‌ని ఒక అంగుళం కిందకి దించారు. ఆ కారు అదే ఏడాది ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్) రేసుల్లో బి ప్రొడక్షన్ తరగతి జాతీయ టైటిల్ కొట్టింది. మీరు శనివారం పూట దోసెలు తినడానికి వెళ్లే కారుకి అంతకంటే ఎక్కువ కావాలా?

నిజంగా డబ్బు పెట్టాలనిపిస్తే స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రాన్ని, దాని షాఫ్ట్‌ని మోసే గొట్టం) మీద పెట్టండి. ఈ కార్లలో బాక్స్ నుంచి స్టీరింగ్ దాకా ఒకటే పొడవాటి ఇనుప షాఫ్ట్. ఎదురుగా గుద్దితే అది నేరుగా ఛాతీ మీదకే వస్తుంది. గుద్దినప్పుడు శక్తిని తీసుకుని వెనక్కి రాకుండా ఉండే కాలమ్‌లు పెట్టాలన్న ఫెడరల్ నిబంధన 1968 జనవరి 1 నుంచే అమల్లోకి వచ్చింది. కొత్త బాక్స్ వేస్తే ఎలాగూ ఆ షాఫ్ట్ మార్చాలి కాబట్టి, కుదించుకునే కాలమ్ కూడా అప్పుడే వేయించుకోవచ్చు. ఏ షాపువాడైనా ఈ సంగతి ముందు చెప్పి, తర్వాత ర్యాక్ మాట ఎత్తితే, ఆయనకి నమస్కారం పెట్టి డబ్బులిస్తాను.

బావ ఇప్పుడు తక్కువ చుట్లతో తిరిగే ఫాస్ట్ రేషియో బాక్స్ కావాలని మొదలెట్టాడు, మాన్యువల్‌ది ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగున్నర చుట్లు తిప్పలేక. కాలమ్ మారిస్తేనే నా సాయం అని చెప్పాను. అక్క నా వైపే ఉంది.