ఆర్బర్ ప్రెస్ కొనేముందు డై సంగతి తేల్చుకోండి

గురి పోటీల కోసం తూటాలు సొంతంగా లోడ్ చేసుకునేవారు ఆర్బర్ ప్రెస్ (లీవర్‌తో కిందికి నొక్కే చిన్న యంత్రం) కొనేటప్పుడు దాని రామ్ (కిందికి దిగే కడ్డీ) ఎంత నిటారుగా దిగుతుందోనని తెగ ఆరా తీస్తారు. నిజానికి బుల్లెట్‌ను సూటిగా నిలిపేది ప్రెస్ కాదు, డై (తూటాను పట్టి ఉంచే అచ్చు). విల్సన్ తరహా ఇన్‌లైన్ సీటింగ్ డైలో (బుల్లెట్‌ను కూర్చోబెట్టే డై) కేసు, అంటే తూటా ఇత్తడి గొట్టం, లోపలే ఒదుగుతుంది, బుల్లెట్ పైనుంచి అదే రంధ్రంలోకి జారుతుంది. ప్రెస్ పని స్టెమ్ (బుల్లెట్‌ను కిందికి తోసే కడ్డీ) తల మీద నొక్కడమే.

మరలున్న మామూలు 7/8-14 కొలత డైలు ఆర్బర్ ప్రెస్‌లో పనికిరావు. ఫుల్ లెంగ్త్ సైజింగ్‌కు (కాల్చిన కేసును నిలువునా తిరిగి అసలు కొలతకు నొక్కడానికి) దీని బలం చాలదు, ఒకసారికి ఒకే డై పట్టే సింగిల్ స్టేజ్ ప్రెస్ ఎలాగూ ఉండాల్సిందే.

డబ్బు పెట్టాల్సింది చేతికి తెలిసే స్పర్శ మీద. బేరింగులు ఎక్కించే ఒక టన్ను వర్క్‌షాప్ ప్రెస్ చవకే కానీ, దాని లావు రామ్ రాపిడిలో ఏ తేడా తెలియదు. నెక్‌లో (కేసు మెడలో) బుల్లెట్‌కు ఇచ్చే బిగువు, అంటే నెక్ బుల్లెట్ కంటే ఎంత సన్నగా ఉందన్న తేడా, సాధారణంగా 0.001 నుంచి 0.003 అంగుళాలే. పలుమార్లు కాల్చిన ఇత్తడి గట్టిపడ్డా, నెక్ లోపలి మసి మొత్తం తుడిచేసినా లీవర్ బరువెక్కుతుంది. అలాంటి తూటాను పక్కన పెట్టి సైటర్‌గా (స్కోరుకు లెక్కించని, గురి సరిచూసుకునే తూటాగా) వాడేయడమే మేలు.

నొక్కుడు బలాన్ని చూపే ఫోర్స్ గేజ్ ఉన్న మోడళ్ల మీద మోజు ఎక్కువ. ఒకే లాట్ కేసులు, ఒకేలా అనీలింగ్ (ఇత్తడిని వేడిచేసి మెత్తబరచడం), ఒకే బుషింగ్ (నెక్‌ను సన్నబరిచే ఉంగరం) లేనిదే ఆ ముల్లు చూపే అంకెలకు అర్థం లేదు. లీవర్ వేగం మారితే రీడింగూ మారుతుంది. ఒక ప్రెస్ అంకెను మరోదానితో పోల్చడం వృథా.

ప్రెస్ హెడ్ (రామ్, లీవర్ ఉండే పైభాగం) ఎత్తు అమరికలో చాలామంది తప్పుతారు. బుల్లెట్ పెట్టిన డైని బేస్ మీద నిలిపి, స్టెమ్ పూర్తిగా దిగేసరికి లీవర్‌కు ఇంకా కాస్త కదలిక మిగిలేలా హెడ్‌ను కాలమ్‌కు (నిలువు స్తంభానికి) బిగించాలి. ఎత్తు ఎక్కువైతే లీవర్ ఆగిపోతుంది, బుల్లెట్ మాత్రం పైనే ఉండిపోతుంది. కేసు అడుగున ఒక్క పౌడర్ గింజ ఇరుక్కున్నా తూటా పొడవు మారుతుంది, అందుకే ప్రతిసారీ బేస్ తుడవాలి. ప్రైమర్ (కేసు అడుగున పౌడర్‌ను రాజేసే చిన్న గిన్నె) బయటికి పొడుచుకొచ్చిన కేసును ఎట్టి పరిస్థితుల్లోనూ నొక్కకూడదు.

పొడవాటి మొనదేలిన బుల్లెట్లతో ఇంకో చిక్కుంది. మొన స్టెమ్ లోపలి అడుగును తాకితే సీటింగ్ లోతు మొన పొడవును బట్టి మారిపోతుంది. కంపారేటర్‌తో (మొనను వదిలేసి కొలిచే సాధనం) ఓజైవ్ (బుల్లెట్ ముందరి వంపు) దగ్గర కొలిస్తే ఈ తేడా బయటపడుతుంది. ఆ లోపానికి మందు వీఎల్‌డీ స్టెమ్ (పొడవాటి మొనదేలిన బుల్లెట్లకు తగ్గట్టు లోపల తొలిచిన స్టెమ్), కొత్త ప్రెస్ కాదు.