మొహం చూసి చుట్టరికం కలిపితే ఇలాగే ఉంటుంది

చేపల చుట్టరికాలు ఎముకలు చూసి తేల్చాలా, డీఎన్ఏ చూసి తేల్చాలా అనే పంచాయితీ ఇంకా నడుస్తోందని కొందరు అనుకుంటున్నారు. నా లెక్కలో అది ఎప్పుడో అయిపోయింది, డీఎన్ఏ గెలిచింది, ఓడినవాళ్లు గ్రౌండ్ ఖాళీ చెయ్యట్లేదు అంతే.

ట్యూనానీ స్వోర్డ్‌ఫిష్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండిటిదీ తూటాలా దూసుకుపోయే ఒళ్లు, రెండిటికీ నెలవంకలాంటి తోక, రెండూ నడిసముద్రంలో వేటాడేవే. పైగా ఒంట్లో వేడి నిలుపుకోవడం అనేది చేపల్లో చాలా అరుదు, అదీ రెండిటికీ ఉంది (ట్యూనా కండల్లో నిలుపుకుంటుంది, స్వోర్డ్‌ఫిష్ మెదడూ కళ్లూ వెచ్చగా ఉంచుకుంటుంది, ఆ తేడా అప్పుడే పట్టుకుని ఉంటే బాగుండేది). అన్నదమ్ములే అనుకుంటాం కదా, శాస్త్రవేత్తలు కూడా అదే అనుకుని ఒకే గుంపులో పడేశారు. తీరా డీఎన్ఏ చదివితే స్వోర్డ్‌ఫిష్ ఉన్న గుంపులో ఎవరు తేలారయ్యా అంటే సముద్రం అడుగున ఇసుకలో బల్లపరుపుగా పడుకుని, రెండు కళ్లూ ఒకే పక్కకి తెచ్చుకున్న ఫ్లాట్‌ఫిష్‌లు. ట్యూనాకేమో స్వోర్డ్‌ఫిష్ కంటే సీహార్స్ దగ్గరి చుట్టం! గుర్రం తలకాయ పెట్టుకుని, తోకతో గడ్డిపోచ పట్టుకుని నిలబడే సీహార్స్!

ఇలాంటివి కోకొల్లలు. పెర్సిఫార్మిస్ అనే గుంపు ఒకప్పుడు ఇంట్లో అటక లాంటిది, ఎక్కడ సర్దాలో తెలీని ప్రతి చేపనీ అందులోకి తోసేశారు, అలా 10 వేలకు పైగా జాతులు పోగుపడ్డాయి. డీఎన్ఏ వచ్చి ఆ అటక దింపింది. అసలు తప్పు ఎక్కడుందంటే, నీళ్లలో స్పీడుగా పోవాలంటే ఎవరైనా దాదాపు ఒకే వేషం కట్టాలి, వేరే దారి లేదు. ఆ వేషం చూసి రక్తసంబంధం తేల్చడం అంటే మొహం చూసి బొట్టు పెట్టడమే.

డీఎన్ఏ ఎందుకు గెలిచిందో తెలియాలంటే పరీక్షలో కాపీ కొట్టేవాళ్లు ఎలా దొరుకుతారో గుర్తు చేసుకోండి. ఇద్దరు పిల్లలు కరెక్ట్ ఆన్సర్ రాస్తే టీచర్‌కి అనుమానం రాదు, చదువుకుని ఉంటారులే అనుకుంటారు. ఇద్దరూ ఒకే చోట ఒకే స్పెల్లింగ్ తప్పు రాస్తేనే దొరికిపోతారు. తూటాలాంటి ఒళ్లు కరెక్ట్ ఆన్సర్, ఎవరికి వాళ్లు సొంతంగా రాసుకోవచ్చు. కానీ జీన్‌లో బతుకుతెరువుతో ఏ సంబంధం లేని చోట డీఎన్ఏ అక్షరాల్లో A పోయి దాని చోట G పడటం ఉందే, అది స్పెల్లింగ్ తప్పు. అదొక్కటే అయితే పొరపాటున కలిసింది అనొచ్చు, వేల చోట్ల అదే కలయిక కనిపిస్తే ఇంక ఒకే తాత దగ్గర్నుంచి దిగినట్టే కదా. 2018లో వచ్చిన ఒక పెద్ద స్టడీలో 303 రకాల చేపల నుంచి 1,105 జీన్ ముక్కలు తీసి అక్షరం అక్షరం పోల్చారు. ఎముకలతో పని చేసేవాళ్లు ఏళ్ల తరబడి మైక్రోస్కోప్ ముందు కూర్చున్నా ఒక పేపర్‌కి కొన్ని వందల లక్షణాలు పోగు చెయ్యడమే గగనం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ వేల్‌ఫిష్‌లది. లోతు సముద్రంలో మూడు కుటుంబాలు ఉండేవి, కాగితం మీద. ఒకటి టేప్‌టెయిల్, పై 200 మీటర్ల నీళ్లలో తిరుగుతుంది, తోక నుంచి రిబ్బన్‌లాంటి పోగు పొడుగ్గా వేలాడుతూ ఉంటుంది. రెండోది బిగ్‌నోజ్, పేరుకి తగ్గట్టు ముక్కే ముందు కనిపిస్తుంది. మూడోది వేల్‌ఫిష్, కిలోమీటరు లోతు దాటాక ఉండే చేప, గుహలాంటి నోరు, చుక్కల్లాంటి కళ్లు. ఇప్పుడు చూడండి, దొరికిన టేప్‌టెయిల్స్ అన్నీ పిల్లలే, బిగ్‌నోజ్‌లన్నీ మగవే, వేల్‌ఫిష్‌లన్నీ ఆడవే. ఇంత క్లూ మ్యూజియం సీసాల్లో కళ్లెదురుగా తేలుతున్నా మూడూ వేరే వేరే కుటుంబాలనే దశాబ్దాలు రాసుకున్నారు! 2003లో జపాన్ పరిశోధకులు మైటోకాండ్రియా డీఎన్ఏ చదివి టేప్‌టెయిలూ వేల్‌ఫిషూ మరీ దగ్గరగా ఉన్నాయేంటి అంటే శరీర నిర్మాణం నిపుణులు నమ్మలేదు. చివరికి 2009లో తేలింది, మూడూ ఒకే ఇంటి మనుషులు: పిల్ల, మొగుడు, పెళ్లాం. మగది పెద్దయ్యేటప్పుడు దాని అన్నవాహిక, కడుపు మాయమైపోతాయి, చిన్నప్పుడు తిన్న పురుగుల్లాంటి కోపెపాడ్‌ల కొవ్వు పెద్ద లివర్‌గా మారి ఉంటుంది, మిగతా జన్మంతా దాని మీదే గడిపేస్తుంది. మార్పు మధ్యలో ఉండగా దొరికిన చేపలు కూడా ఆ కేసు తేల్చడానికి పనికొచ్చాయి, అది ఒప్పుకుంటా, కానీ అసలు ఏ చేపని ఏ చేపతో పోల్చాలో వేలుపెట్టి చూపించింది మాత్రం డీఎన్ఏనే.

అవతలివాళ్ల వాదన కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. శిలాజాల్లో డీఎన్ఏ మిగలదు, అందుకని ఎవరు ఎప్పుడు విడిపోయారో లెక్క కట్టాలంటే ఎముకల తేదీలు కావాల్సిందే అంటారు, నిజమే. పాత మ్యూజియం సీసాల్లో ఫార్మలిన్ డీఎన్ఏని పాడుచేస్తుంది, అదీ నిజమే. ఒక జీన్ ఒక వంశవృక్షం చెప్తే ఇంకో జీన్ ఇంకో వంశవృక్షం చెప్తుంది కదా అనేది వాళ్ల పెద్ద అస్త్రం. ఈల్స్, అరోవానాలాంటి ఎముక నాలుక చేపలు, మిగతా టీలియోస్ట్‌లు (ఇవాళ మనం చూసే చేపల్లో చాలావరకు ఈ గుంపువే), ఈ మూడిట్లో ముందు ఎవరు విడిపోయారనే దాని మీద ఏళ్ల తరబడి తలో మాట వచ్చింది. అయితే 2023లో అక్షరాలు కాకుండా క్రోమోజోముల మీద జీన్‌లు ఏ వరసలో సర్ది ఉన్నాయో చూశారు, ఈల్స్, ఎముక నాలుకలు ఒక జట్టు, మిగతావన్నీ అవతలి జట్టు అని తేలింది. డీఎన్ఏ పెట్టిన తగువుని ఇంకొంచెం డీఎన్ఏ తీర్చిందన్నమాట.

నిజం చెప్పాలంటే నా అసలు కోపం ఎముకలవాళ్ల మీద కాదు, నిచ్చెన మీద. చేప, కప్ప, బల్లి, కోతి, మనిషి అని వరసగా నిలబెట్టి, కింద మెట్టు మీద చేపని కూర్చోబెట్టే ఆ బొమ్మ. 1938లో దక్షిణాఫ్రికా తీరంలో సీలకాంత్ అనే చేప దొరికితే, డైనోసార్లతో పాటే పోయిందనుకున్నది బతికే ఉందని, దానికి "సజీవ శిలాజం" అని ముద్ర వేసేశారు. 2013లో దాని జీనోమ్ (అంటే మొత్తం డీఎన్ఏ) చదివి 251 జీన్‌లు పోలిస్తే మనకి లంగ్‌ఫిష్, అంటే ఊపిరితిత్తులున్న చేప, ఇంకా దగ్గరని తేలింది, అయినా సీలకాంత్ కూడా ట్యూనా కంటే మనకే దగ్గర. అంటే మనుషుల్ని బయట ఉంచి "చేపలు" అని ఒక వంశం గీయడం కుదరదు, ఆ మాట ఆకారానికి పెట్టుకున్న పేరు తప్ప ఇంటిపేరు కాదు. ఆ లంగ్‌ఫిష్‌లూ ఏమీ ఆగిపోయి కూర్చోలేదు, మన జీనోమ్‌లో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే ఆస్ట్రేలియా లంగ్‌ఫిష్‌లో 4,300 కోట్లు, 2024లో చదివిన దక్షిణ అమెరికా లంగ్‌ఫిష్‌లో 9,100 కోట్లు. ఎక్కువ భాగం తనని తానే కాపీ చేసుకునే చెత్తే అనుకోండి, కానీ "అప్పటి నుంచి మారని జీవి" అనే మాటకి అదే జవాబు.

మళ్లీ సీహార్స్ దగ్గరికే వస్తా. దానికి పళ్లు లేవు, పొట్ట కింద రెక్కలు లేవు, పిల్లల్ని మోసేది తండ్రి. 2016లో దాని జీనోమ్ చదివితే టీబీఎక్స్4 అనే జీన్ కనిపించలేదు, అదే జీన్ జీబ్రాఫిష్‌లో పని చెయ్యకుండా చేస్తే ఆ చేపకీ పొట్ట కింద రెక్కలు రాలేదు. మన కాళ్లు తయారవ్వడానికి పని చేసేది కూడా ఆ జీనే. కాళ్ల సామాను మన తాతల నుంచి మనకీ వచ్చింది, దానికీ వచ్చింది, అది వద్దని పారేసింది. నిచ్చెన బొమ్మ గీసేవాళ్లు దీన్ని ఏ మెట్టు మీద కూర్చోబెడతారో చెప్పమనండి.