చెయ్యి తిరగక్కర్లేదు, ఫ్యాన్ తిరిగితే చాలు

పూర్వం చిత్రకారుడు కావాలంటే చెయ్యి తిరగాలి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ తిరిగితే చాలు. ఒక చిన్న సమీకరణం నుంచి కంప్యూటర్ గీసే బొమ్మ, మాండెల్‌బ్రాట్ సమితి, ఉండగా కుంచెలు దండగ.

తెరమీది ప్రతి చుక్కా ఒక సంకీర్ణ సంఖ్య, అంటే అడ్డం విలువా నిలువు విలువా కలిసిన జంట సంఖ్య, దాన్ని 'సి' అనుకోండి. సున్నాతో మొదలుపెట్టి, వచ్చినదాన్ని వర్గం చేసి సి కలపాలి. మళ్లీ వర్గం, మళ్లీ సి. సి విలువ 1 అయితే 0, 1, 2, 5, 26 అంటూ పరారీ. మైనస్ 1 అయితే 0, మైనస్ 1, మళ్లీ 0 అంటూ గానుగెద్దులా అక్కడక్కడే. ఇలా పారిపోనివే సమితి సభ్యులు, వాటికి నలుపు. గణితం చెప్పేది ఇంతే. 1978లో గణితజ్ఞులు బ్రూక్స్, మాటెల్స్కీ కంప్యూటర్‌తో తీయించిన బొమ్మలో ఉన్నవి వట్టి నక్షత్ర గుర్తులు. 1980లో ఐబీఎంలో, ఈ సమితికి పేరిచ్చిన గణితజ్ఞుడు మాండెల్‌బ్రాట్ చూసిందీ నలుపు తెలుపే.

మరి ఆ నెమలికంఠం నీలాలూ, బంగారు జ్వాలలూ? అవి సమితిలో చోటు దక్కని చుక్కలవి. ఎన్నో విడతలో పరిమాణం, అంటే సున్నా నుంచి దూరం, 2 దాటిందో లెక్కపెట్టి, ఆ అంకెకో రంగు అంటిస్తారు. ఏ అంకెకు ఏ రంగో సమీకరణం చెప్పదు. అంటే, సభ్యులకు మసి, ఫెయిలైనవాళ్లకు పట్టుబట్టలు! అయినా బొమ్మ కింద చీటీలో మాత్రం 'విశ్వం తనకు తాను గీసుకున్న చిత్రం' అనే రాయాలి. రంగులు మనం ఎంచామంటే ధర పడిపోతుంది.

విడతల్ని 100 దగ్గర ఆపేశారా? నిదానంగా పారిపోయేవి కూడా నల్లగా పడి, అంచుల్లోని సన్నతీగలన్నీ ముద్దయిపోతాయి. 'శూన్యం' అని పేరు పెట్టి అమ్మేయండి. రంగులు మెట్లుమెట్లుగా పడుతుంటే హద్దును 2 నుంచి 256కి పెంచి, విడతల సంఖ్యను లాగరిథంతో దశాంశాల్లోకి సవరించాలి. ఇది కాస్త నిజమైన పనే, కాబట్టి చీటీలో రాయరు. పది లక్షల కోట్ల రెట్లు దాటి జూమ్ చేస్తే పక్కపక్క చుక్కల తేడా కంప్యూటర్ మామూలుగా వాడే డబుల్ ప్రెసిషన్‌కు, అంటే సుమారు 16 అంకెలకు, అందదు. బొమ్మంతా గళ్లుగళ్లుగా విరుగుతుంది. అక్కడ 'క్వాంటమ్' అన్న మాట వాడండి. దానికీ దీనికీ సంబంధం లేదు, అడిగేవారూ లేరు.

అచ్చు వేయాలంటే 24 బై 36 అంగుళాలు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 7 కోట్ల 77 లక్షల పైచిలుకు చుక్కలు. అంచులు గరుకు తేలకుండా ఒక్కో చుక్కకు నాలుగు చోట్ల లెక్క కట్టాలి. ఇంతా చేశాక, తెరమీద మెరిసిన నీలం ప్రింటింగ్ ఇంకులో వెలిసిపోతుంది. దాన్ని 'పురాతన ఛాయ' అనాలి.

పూర్తి సమితి బొమ్మను తలకిందులుగా తగిలించారా? దించకండి. వాస్తవ అక్షానికి, అంటే బొమ్మ మధ్యలోని అడ్డగీతకు, పైనా కిందా అచ్చం ఒకటే, అందుకే ఎడమవైపు సూది కుడివైపుకు పోతుంది, అంతే. ఎవరైనా కనిపెడితే 'పరిమిత ప్రతి' అని చెప్పి రేటు పెంచండి.