సోఫాలు బాగుచేసిన ప్రధానమంత్రి

పోయిన ఆదివారం మా ఇంట్లో సోఫాకి కొత్త గుడ్డ వేయించాం. వచ్చినాయన చిన్న మేకులు పెదాల మధ్య పెట్టుకుని, ఎడమచేత్తో గుడ్డ బిగించి లాగుతూ, ఒక్కో మేకూ తీసి టకటకా కొడుతున్నాడు. చూస్తుంటే నాకు జనరల్ బోర్-కొమొరోవ్‌స్కీ గుర్తొచ్చాడు. మా ఆవిడతో చెబితే "ఆయన్ని పని చేసుకోనివ్వండి" అంది. అందుకే ఇక్కడ రాస్తున్నా, భరించండి.

లండన్‌లో ఇదే పని చేసి పొట్టపోసుకున్న ఈయన, 1947 నుంచి 1949 దాకా పోలండ్ ప్రవాస ప్రభుత్వానికి, అంటే దేశం బయట లండన్ నుంచి నడిచిన ప్రభుత్వానికి, ప్రధానమంత్రి. అంతకుముందు, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన పోలండ్‌లో రహస్యంగా నడిచిన హోం ఆర్మీకి అధిపతి. 'బోర్' మారుపేరు, పోలిష్‌లో అడవి అని అర్థం. అసలు మనిషి గుర్రపు దళం వాడు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో స్వారీ చేశాడు, 1936లో హిట్లర్ బెర్లిన్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన పోలండ్ రౌతుల జట్టుకి నాయకుడిగా వెళ్లాడు.

1944 ఆగస్టులో పోలండ్ రాజధాని వార్సాలో జర్మన్ల మీద తిరుగుబాటుకి ఆదేశమిచ్చింది ఈయనే, అందుకే ప్రతి ఆగస్టుకీ ఈయన మీద పోస్టులు వస్తాయి. ఒకరు మహావీరుడని దండేస్తారు. ఇంకొకరు రెండు లక్షల మందిని చంపించాడని తిట్టిపోస్తారు. రెండు లైన్లలో తీర్పు అయిపోయింది, లైకులు పడిపోయాయి. నా ఒళ్లు మండేది ఇక్కడే.

1944 జులై 31 సాయంత్రం ఏం జరిగిందో చూడండి. వార్సాకి తూర్పున సోవియట్ ఫిరంగుల మోత వినపడుతోంది. నగర దళాల కమాండర్ హ్రుష్చెల్ పరుగున వచ్చి, రష్యన్ ట్యాంకులు విస్తులా నదికి అవతల ఉన్న ప్రాగా పేటలోకి వచ్చేశాయన్నాడు. ఇప్పుడు లేవకపోతే రాజధానిని రష్యన్లే విడిపించినట్టవుతుంది, ఆ తర్వాత మన మాట చెల్లదు అన్నది లెక్క. ప్రవాస ప్రభుత్వ ప్రతినిధి యాంకోవ్‌స్కీ సరేనన్నాడు, బోర్ ఆర్డర్ ఇచ్చేశాడు. కాసేపటికే గూఢచారి విభాగం అధికారి ఇరానెక్-ఒస్మెత్స్కీ వచ్చి ఆ కబురు తప్పన్నాడు. అప్పటికే ఆదేశం బయటికి వెళ్లిపోయింది, కర్ఫ్యూ వేళ దగ్గర పడింది. వెనక్కి పిలవడం కుదరలేదు.

మర్నాడు సాయంత్రం 5 గంటలకి మొదలైన తిరుగుబాటు 63 రోజులు సాగింది. నది అవతల సోవియట్ ఎర్రసైన్యం ఆగిపోయింది. సాయం తెచ్చే మిత్రదేశాల విమానాలు తన స్థావరాల్లో దిగడానికి సెప్టెంబర్ సగం దాకా స్టాలిన్ ఒప్పుకోలేదు. లక్షన్నర నుంచి రెండు లక్షల మంది మామూలు జనం పోయారు. లొంగిపోయాక జర్మన్లు ఊరు ఖాళీ చేయించి వీధి తర్వాత వీధి పేల్చేశారు.

నా మటుకు నాకు ఆ ఆదేశం తప్పే. ఒక్క మనిషి తెచ్చిన వార్తని ఇంకో మనిషితో సరిచూసుకోకుండా ఊరిని పణం పెట్టడం ఏ లెక్కనా ఒప్పు కాదు. పోలిష్ సేనానే అయిన ఆండర్స్ కూడా దీన్ని గట్టిగానే ఖండించాడు. కానీ ఆ జనాన్ని కాల్చిన తుపాకులు ఎవరివో మర్చిపోయి మొత్తం బోర్ ఖాతాలో వేసేవాళ్లని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. లొంగిపోయేటప్పుడు తన మనుషుల్ని యుద్ధ ఖైదీలుగా చూడాలని ఒప్పందం రాయించుకున్నాడు. అందులో ఆడవాళ్లూ ఉన్నారు. మిగతా పోలండ్‌లోనూ పోరాటం ఆపమని ఆదేశమివ్వాలని జర్మన్ జనరల్ అడిగితే ఇవ్వనన్నాడు. జర్మనీలోని కోల్డిట్జ్ కోటలో ఖైదీగా కూర్చున్నాడు.

విడుదలై లండన్ చేరేసరికి కథ మారిపోయింది. 1945 జులైలో బ్రిటన్, అమెరికా రెండూ ప్రవాస ప్రభుత్వానికి గుర్తింపు తీసేశాయి. యుద్ధంలో మొదటి రోజు నుంచీ పక్కన నిలబడ్డవాళ్లకి దక్కిన మర్యాద అది! నార్మండీలో ట్యాంకుల డివిజన్ నడిపిన పోలిష్ జనరల్ మాచెక్ ఎడిన్‌బరోలో బార్‌లో గ్లాసులు అందించాడు. బోర్ తర్వాత హోం ఆర్మీ పగ్గాలు పట్టిన ఒకులిట్స్కీ మాస్కో జైల్లోనే పోయాడు, యాంకోవ్‌స్కీ కూడా సోవియట్ జైల్లోనే. సోవియట్ల గుప్పిట్లోకి పోయిన పోలండ్‌కి తిరిగెళ్తే ఏమయ్యేదో బోర్‌కి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి దేశం లేని ప్రభుత్వానికి ప్రధాని అయ్యాడు, కుర్చీలకి గుడ్డ బిగించాడు. 1966 ఆగస్టులో ఇంగ్లండ్‌లోనే కన్నుమూశాడు. అస్థికలు వార్సా చేరింది 2013లో.

అసలు ఈయన పేరు నాకు తెలిసింది ఒక మీటింగ్ వల్ల. ఆగస్టు 1న మన టైం రాత్రి 8:30కి కాల్ పెడితే, వార్సాలో ఉండే మా కొలీగ్ రిజెక్ట్ చేశాడు. అప్పుడు అక్కడ సరిగ్గా సాయంత్రం 5. సైరన్లు మోగుతాయి, బస్సులు ఆగిపోతాయి, జనం ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతారట. తర్వాత ఎప్పుడో బోర్ గురించి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. వాళ్ల నానమ్మ ఏటా ఆ రోజు తమ్ముడి సమాధి దగ్గర దీపం పెట్టేదట. బోర్ పేరు ఎవరైనా ఎత్తితే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదట.