మెట్లకు ఎంత శాతం?

ఆంధ్రప్రదేశ్‌లో సదరం సర్టిఫికెట్ల (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి ఇచ్చే పత్రాల) పునఃపరిశీలన పేరిట 2025 ఆగస్టులో ఓ తంతు నడిచింది. వైకల్యం 40 శాతం కన్నా తగ్గిందంటూ చేతికో నోటీసు వచ్చింది. నెలనెలా వచ్చే రూ.6,000 పింఛను గాల్లో దీపమైంది. ఏళ్ల తరబడి చెల్లిన సర్టిఫికెట్ ఒక్కసారిగా చెల్లదన్నారు.

దొంగ సర్టిఫికెట్లు లేవని మేం అనడం లేదు. ఉన్నాయి, ఏరిపారేయాల్సిందే. మా పేచీ కొలతతో.

వైకల్యమంటే ఒంట్లోని లోపం ఒక్కటే కాదు, దానికి చుట్టూ ఉన్న అడ్డంకులు తోడై మనిషిని నలుగురితో సమానంగా బతకనివ్వకపోవడమని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మనమే రాసుకున్నాం. ఆ మాట ఊరికే రాలేదు. మమ్మల్ని వికలాంగుల్ని చేస్తున్నది మా శరీరాలు కాదు, సమాజమని బ్రిటన్‌లో వికలాంగులే సంఘంగా ఏర్పడి 1976లో తెగేసి చెప్పారు. తానూ వికలాంగుడైన బ్రిటిష్ ఆచార్యుడు మైక్ ఆలివర్ దాన్ని సామాజిక నమూనా అన్నారు. ఆ ఆలోచనే 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికకు ఊపిరైంది, 2007లో మన దేశమూ దాన్ని ఆమోదించింది. అయితే మన 2016 చట్టమే 40 శాతం దగ్గర ఓ గీత కూడా గీసింది. మన ఆఫీసులకు ఆ గీత తప్ప ఇంకేమీ కనబడలేదు. (పేరు మాత్రం, సంఘాలు వద్దంటున్నా, దివ్యాంగులని మార్చారు.)

మోకాలు ఎంత వంగుతుందో డాక్టరు కొలుస్తారు. సరే. ఆ మోకాలితో ఎక్కాల్సిన తహసీల్దారు ఆఫీసు మెట్లను ఎవరు కొలిచారు? చక్రాల కుర్చీ ఎక్కని బస్సుకు, వేళ్లు అరిగిన మనిషిని గుర్తుపట్టని వేలిముద్ర మిషన్‌కు ఎంత శాతం వేశారు?

ప్రభుత్వ భవనాలన్నీ ఐదేళ్లలో అందరూ వాడుకునేలా మారాలన్నదీ ఆ చట్టమే. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. 2022 జూన్‌తో గడువు తీరింది. ఎన్ని కలెక్టరేట్లకు నోటీసులు వెళ్లాయి? పైగా భవనాలు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలను పాటిస్తే పాటించండి అన్నట్టు సలహాలుగా వదిలేశారు. అలా వదిలేయడం చట్టానికే విరుద్ధమని, మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలు తేవాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మనుషుల్ని కొలవడానికి ఉన్న తొందర మెట్లను కొలవడానికి లేదు. మనుషులకు ఇలాంటి నోటీసులు మానండి. ముందు ఆ భవనాలకు ఇవ్వండి. తన గడువు దాటి ఏళ్లయినా ఉలకని ప్రభుత్వం, మంచాన పడ్డ మనిషిని ఫలానా తేదీకి ఆస్పత్రికి రమ్మనడానికి కాస్త సిగ్గుపడాలి.